ఫుట్‌బాల్ ఆటగాళ్ల చదువుల కేంద్రం: ట్యూటర్‌గా పనిచేశాక నా రివ్యూ

అమెరికాలో పెద్ద ఫుట్‌బాల్ (సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) జట్టు ఉన్న విశ్వవిద్యాలయాల్లో క్రీడాకారుల కోసమే ఒక చదువుల కేంద్రం ఉంటుంది. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో 2010లో తెరిచిన అద్దాల భవనం ఫొటోలు మీలో కొందరు చూసే ఉంటారు. దానికి నాలుగు కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. నేను పనిచేసిన చోటు అంత వైభవంగా ఉండదు, అది వేరే రాష్ట్రం. పేరు మాత్రం రాయను. స్టాటిస్టిక్స్‌లో ఎంఎస్ చేస్తూ అక్కడ ట్యూటర్‌గా చేరి, డిగ్రీ చేతికొచ్చేదాకా ఉన్నాను. హైదరాబాద్, విజయవాడ, వరంగల్ నుంచి కొత్తగా వచ్చే మన పిల్లలు ఈ ఉద్యోగం గురించి ఏటా అడుగుతూనే ఉంటారు. అడిగిన ప్రతివాళ్లూ గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అడుగుతారు: ఆ ఆటగాళ్లు నిజంగా చదువుతారా, లేక పేరుకే విద్యార్థులా? ఈ రెండు ప్రశ్నలనూ విడదీయలేను కాబట్టి కలిపే రాస్తున్నాను.

ముందు సేవ సంగతి. గుమ్మంలో కార్డు తాకిస్తే తలుపు తెరుచుకుంటుంది. లోపల వరుసగా అద్దం తలుపుల చిన్న గదులు. ఒక్కో గదిలో బల్ల, రెండు కుర్చీలు, గోడకు తెల్లబోర్డు. కంప్యూటర్లు, ప్రింటర్లు ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. తెల్లవారకముందే తెరిచి, రాత్రి బాగా పొద్దుపోయాక మూస్తారు. మొదటి ఏడాది పిల్లలు వారానికి ఇన్ని గంటలు ఇక్కడ కూర్చోవాలన్న నియమం ఉంది. వచ్చినప్పుడు, వెళ్లేటప్పుడు కార్డు తాకిస్తే నిమిషాలతో సహా లెక్క పడుతుంది. ప్రతి ఆటగాడికీ ఒక అడ్వైజర్ ఉంటారు. చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు విడిగా నిపుణులు ఉంటారు. ఏ వారం ఏ అసైన్‌మెంటు ఇవ్వాలో, ఏ రోజు ఏ పరీక్ష ఉందో రంగురంగుల పట్టికగా చేతికిస్తారు. ట్యూటర్ కావాలంటే ఒక్క మెసేజ్ చాలు, మర్నాటికి మనిషి సిద్ధం. క్లాసుకు వెళ్తున్నారో లేదో చూడటానికి కూడా మనుషులున్నారు. క్లాసు మొదలైన కాసేపటికి తలుపు దగ్గర నిలబడి, ఎవరు కూర్చున్నారో రాసుకుని పోతారు. ఎగ్గొట్టినవాడి పేరు ఆ సాయంత్రానికే కోచ్‌కు చేరుతుంది. మర్నాడు పొద్దు పొడవకముందే అతను స్టేడియం మెట్ల మీద పరుగెత్తుతూ ఉంటాడు.

అదే విశ్వవిద్యాలయంలో మామూలు విద్యార్థులకు లెక్కల సాయం ఎక్కడ దొరుకుతుందంటే, లైబ్రరీ కింది అంతస్తులో ఒక పొడవాటి బల్ల దగ్గర. మధ్యంతర పరీక్షల వారంలో ఆ బల్ల చుట్టూ నిలబడటానికి కూడా చోటుండదు. ఈ తేడా నన్ను మొదటి రోజు నుంచీ బాధించింది, ఇప్పటికీ బాధిస్తుంది. ఆటగాళ్లకు ఇచ్చేది ఎక్కువని నేను అనను. ప్రతి విద్యార్థికీ అందాల్సిన సాయం అది.

ట్యూటర్లకు నియమాలు చాలా కఠినం. మొదటి వారమంతా శిక్షణే. ఆటగాళ్ల కాగితం మీద నా పెన్ను పడకూడదు. వాళ్ల కీబోర్డు మీద నా చెయ్యి ఉండకూడదు. వాన కురుస్తున్నా కారులో దింపకూడదు, కాఫీ కొనిపెట్టకూడదు, పుట్టినరోజుకు స్వీటు ఇవ్వకూడదు. బయట అనుకోకుండా కలిసి ఏదైనా జరిగితే కార్యాలయానికి రాసివ్వాలి. ఇదంతా అతి అనిపించవచ్చు, కారణం లేకపోలేదు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో ఒక ట్యూటర్ 12 మంది క్రీడాకారుల పనిని తానే చేసిపెట్టిందని తేలి, 2019 జనవరిలో కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ ఫుట్‌బాల్ జట్టును సీజన్ తర్వాతి మ్యాచ్‌లు ఆడకుండా నిషేధించింది. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ జట్లకూ అదే శిక్ష పడింది. మా దగ్గర నేను చూసినంతవరకు ఒక్క వాక్యం కూడా ఎవరూ ఎవరికీ రాసిపెట్టలేదు. ఈ విషయంలో కేంద్రానికి పూర్తి మార్కులు.

ఇక పిల్లలు. మన దగ్గర వీళ్ల గురించి ఉన్న అభిప్రాయం ఏమిటో నాకు తెలుసు: నూట ముప్పై కిలోల కండ, బుర్రలో ఏమీ లేదు. అలా అనుకునేవాళ్లు ఒక్క సాయంత్రం ఆ గదిలో కూర్చుంటే బాగుండేది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక లైన్‌మన్ (ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే ఆటగాడు) ఉండేవాడు. అతని పేరు, జెర్సీ నంబరు చెప్పే హక్కు నాకు లేదు. దక్షిణాది రాష్ట్రం వాడు, మాటకు ముందోసారి వెనకోసారి 'మ్యామ్' అనేవాడు. ప్రాక్టీసు ముగించుకుని రాత్రి ఎనిమిదికి వచ్చేవాడు. రెండు మోకాళ్లకూ ఐసు సంచులు పెట్టి ప్లాస్టిక్ పొరతో చుట్టి ఉండేవి, కరిగిన నీళ్లు తివాచీ మీద పడుతుండేవి. ఆ వారం పాఠం షరతుతో కూడిన సంభావ్యత. పుస్తకంలో ఎర్ర బంతులు, నీలం బంతులు ఉన్న సంచి లెక్కలు. అరగంట తిప్పలు పడ్డాడు, ఎక్కలేదు.

పుస్తకం మూసేసి అడిగాను: మూడో డౌన్ (పది గజాలు పోవడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా ఎనిమిది గజాలు పోవాలి, ఎదుటివాళ్లు ఏం చేస్తారు? మార్కర్ తీసుకుని లేచాడు. పదకొండు మంది డిఫెండర్లను బోర్డు మీద గీశాడు. గడిచిన మ్యాచ్‌ల వీడియోల్లో ఈ వరుసలో నిలబడినప్పుడు ఎడమ వైపు లైన్‌బ్యాకర్ అనే డిఫెండర్ ఎన్నిసార్లు దూసుకొచ్చాడో చెప్పాడు. వెనకున్న సేఫ్టీ అనే డిఫెండర్ రెండడుగులు ముందుకు జరిగితే ఆ అవకాశం ఎంత పెరుగుతుందో చెప్పాడు. బంతితో పరుగెత్తే మా రన్నింగ్‌బ్యాక్ కుడి వైపుకు మారితే వాళ్ల ఆలోచన ఎలా మారుతుందో, అప్పుడు తను ఎవరిని అడ్డుకోవాలో, ఆ నిర్ణయానికి ఎంత తక్కువ సమయం ఉంటుందో అన్నీ వివరించాడు. అతను చెబుతుండగా పక్కన నేను సూత్రం రాస్తూ పోయాను: ఇది తెలిస్తే, అది జరిగే సంభావ్యత. వెనక్కి జరిగి చూశాడు. "ఇదేనా మ్యామ్? ఇది నేను రోజూ చేసేదే కదా" అన్నాడు. ఆ తర్వాత సంచి లెక్క తనే చేశాడు. వ్యాధి పరీక్ష పాజిటివ్ వస్తే నిజంగా వ్యాధి ఉండే అవకాశం ఎంత అన్న లెక్క క్లాసులో చాలామంది తప్పు చేస్తారు, అది కూడా చేశాడు. ఆ సబ్జెక్టులో అతనికి బి ప్లస్ వచ్చింది. ఆట లేని సెమిస్టర్‌లో తీసుకుని ఉంటే ఏ వచ్చేదని నా గట్టి నమ్మకం.

అందరూ అలా ఉండరు. భిన్నాలు రాకుండానే హైస్కూల్ దాటి వచ్చినవాళ్లూ నా ముందు కూర్చున్నారు. వాళ్లకు ఆ లోటు ఉందని తెలిసే విశ్వవిద్యాలయం పిలిచింది, వాళ్లు బంతిని పట్టుకునే తీరు చూసి పిలిచింది. పిలిచినవాళ్లే ఆ లోటు పూడ్చాలి. పూడ్చడానికి కావలసినవన్నీ ఆ భవనంలో ఉన్నాయి, ఒక్క సమయం తప్ప.

సమయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎన్‌సీఏఏ నియమం ప్రకారం సీజన్‌లో ఆటకు వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. కానీ మ్యాచ్ రోజు ఎంతసేపు పట్టినా 3 గంటలుగానే రాస్తారు. ప్రయాణం లెక్కలోకి రాదు. గాయాలకు చికిత్స లెక్కలోకి రాదు. 'స్వచ్ఛందం' అని పేరు పెట్టిన వ్యాయామం లెక్కలోకి రాదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఆటగాళ్లు కార్మిక సంఘం పెట్టుకుంటామని కోరినప్పుడు, 2014 మార్చిలో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ అధికారి సాక్ష్యాలు విని, సీజన్‌లో ఆటకే వారానికి 40 నుంచి 50 గంటలు పోతున్నాయని తేల్చారు. ఆగస్టు శిక్షణ శిబిరంలో అయితే 50 నుంచి 60. వాళ్లు ఉద్యోగులేనని కూడా ఆయన తీర్పు చెప్పారు. 2015లో వాషింగ్టన్‌లోని బోర్డు ఈ వ్యవహారంలో జోక్యం చేసుకోబోమని పక్కకు తప్పుకుంది, సంఘం ఆగిపోయింది. నేను చూసిన పిల్లల రోజులు ఆ ప్రాంతీయ అధికారి చెప్పినట్టే ఉండేవి.

ఈ 20 గంటల అంకె మనవాళ్లకు బాగా తెలిసినదే. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన మనం సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. పని ఎక్కువైతే చదువు దెబ్బతింటుందని, నువ్వు వచ్చింది చదువుకోవడానికని ప్రభుత్వం చెబుతుంది. ఆ హద్దు నిమిషం దాటితే ఏమవుతుందోనని మనం భయపడుతూ బతుకుతాం. నేనూ టైమ్‌షీట్ రెండుసార్లు చూసుకుని మరీ సంతకం పెట్టేదాన్ని. బల్లకు అటువైపు కూర్చున్న పిల్లవాడికి కూడా కాగితం మీద అదే అంకె, అదే కారణం. అతని గంటలు మాత్రం దానికి రెట్టింపు. అతని పక్షాన టైమ్‌షీట్ చూసేవారు ఎవరూ లేరు. ఇది నాకు చాలా అన్యాయంగా తోచింది.

సమయం లేకపోతే ముందు పోయేది ఇష్టమైన చదువు. ప్రాక్టీసు మధ్యాహ్నం ఉంటుంది, సైన్సు, ఇంజనీరింగ్ ల్యాబులూ మధ్యాహ్నమే. మా దగ్గర ఒక పిల్లవాడు సివిల్ ఇంజనీరింగ్ చదవాలని వచ్చాడు. వాళ్ల నాన్న వంతెనల పని చేసే కూలీ, అదే మమకారం. రెండో సెమిస్టర్‌కు ల్యాబు వేళ కుదరలేదు. నెమ్మదిగా, మర్యాదగా, పట్టికలు చూపించి, ఒక సాధారణ మేజర్‌లోకి (డిగ్రీ ప్రధాన సబ్జెక్టులోకి) మార్పించారు. ఎవరూ బలవంతం చేయలేదు. వేరే దారి మాత్రం మిగల్లేదు. నార్త్‌వెస్టర్న్ క్వార్టర్‌బ్యాక్ (మైదానంలో జట్టు దాడిని నడిపే ఆటగాడు) కెయిన్ కోల్టర్ వైద్య విద్యకు ముందు చదవాల్సిన కెమిస్ట్రీ గురించి సాక్ష్యమిస్తూ ఇదే కథ చెప్పాడు.

ఒకసారి మారితే వెనక్కి రావడం కూడా కష్టమే, దానికీ ఒక నియమం ఉంది. రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం పూర్తవ్వాలి, మూడో ఏడాది చివరికి 60, నాలుగో ఏడాది చివరికి 80. లేకపోతే ఆడే అర్హత పోతుంది. పిల్లలు చదువులో వెనకబడకూడదని పెట్టిన నియమమే ఇది, ఉద్దేశం మంచిదే. అయితే పద్దెనిమిదేళ్లకు ఒకటనుకుని ఇరవైకి మనసు మార్చుకునే స్వేచ్ఛ మామూలు విద్యార్థికి ఉంది, వీళ్లకు లేదు. మేజర్ మారితే పాత క్రెడిట్లు కొత్త డిగ్రీకి పనికిరావు, శాతం పడిపోతుంది. అందుకే ఒక జట్టులో చాలామంది ఒకే రెండు మూడు మేజర్లలో కనిపిస్తారు. అది చూసి జనం సులువైనవి ఏరుకున్నారని అంటారు. మిగిలినవి ఎంచుకునే వీలు వాళ్లకు ఎక్కడుంది?

ఆ భవనంలో అందరి నోటా వినిపించే మాట 'అర్హత'. ఫలానావాడి అర్హత ఎలా ఉంది, ఈ పరీక్షలో సి వస్తే అర్హతకు సరిపోతుందా, ఇవే మాటలు. సి నుంచి బి కి తీసుకెళ్లగల పిల్లవాడి మీద అదనపు గంట పెడతానంటే, ఆ గంట డి లో ఉన్న ఇంకొకడికి ఇవ్వమన్నారు. జట్టు వైపు నుంచి చూస్తే అది సరైన లెక్కే. ఆ పిల్లవాడి వైపు నుంచి కాదు. ఈ సేవలో నాకు నచ్చని దానికంతటికీ మూలం ఇక్కడే ఉంది.

ఈ ధోరణి హద్దు దాటితే ఎక్కడిదాకా పోతుందో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చూపించింది. 1993 నుంచి 2011 వరకు 18 ఏళ్లపాటు అక్కడ క్లాసే జరగని కోర్సులు నడిచాయి. సెమిస్టర్ చివర ఒక వ్యాసం ఇస్తే చాలు, దాన్ని ఆఫీసు ఉద్యోగిని చూసి మంచి మార్కులు వేసేది. 3,100 మందికి పైగా విద్యార్థులు ఈ కోర్సుల్లో చేరారని, వాళ్లలో దాదాపు సగం మంది క్రీడాకారులని 2014 నివేదిక బయటపెట్టింది. 2017లో ఎన్‌సీఏఏ ఏమందంటే, ఆ కోర్సులు అందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టి క్రీడాకారులకు ప్రత్యేక లాభం జరిగినట్టు కాదని. శిక్ష లేదు. ఆ పిల్లలు పోగొట్టుకున్న చదువుకు బాధ్యులెవరో ఎవరూ చెప్పలేదు.

గణాంకాలు చదివినదాన్ని కాబట్టి ఇంకో మాట. ఎన్‌సీఏఏ ఏటా ప్రకటించే పట్టభద్రుల శాతం బాగానే కనిపిస్తుంది. అర్హత ఉండగా జట్టు వదిలి వేరే చోటికి వెళ్లినవాళ్లను అందులో హారం నుంచే తీసేస్తారు. ప్రభుత్వం వేసే లెక్కలో అలా వెళ్లినవాళ్లు పట్టా పొందనివాళ్ల కింద వస్తారు, కాబట్టి అక్కడ శాతం తగ్గుతుంది. రెండూ నిజాన్ని పూర్తిగా చెప్పవు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (వేరే విశ్వవిద్యాలయానికి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వల్ల నాలుగేళ్లలో మూడు విశ్వవిద్యాలయాలు మారే ఆటగాళ్లు కూడా ఉన్నారు. మారిన ప్రతిసారీ కొన్ని క్రెడిట్లు గాలికిపోతాయి. ఎవరి లెక్క చూసినా హారంలో ఎవరున్నారో ముందు అడగండి.

చదువూ ఆటా రెండూ సాధించినవాళ్లు లేరని కాదు. ఫ్లోరిడా స్టేట్ ఆటగాడు మైరాన్ రోల్ 2008 నవంబరులో ఒకే రోజు ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికిచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకు హాజరై, విమానమెక్కి మేరీలాండ్ వెళ్లి మ్యాచ్ ఆడాడు. స్కాలర్‌షిప్ వచ్చింది, తర్వాత న్యూరోసర్జన్ అయ్యాడు. టెనెసీ క్వార్టర్‌బ్యాక్ జాషువా డాబ్స్ ఏరోస్పేస్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ అందరూ వాళ్లలా ఎందుకు లేరని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను. ఓహియో స్టేట్ ఆటగాడు కార్డేల్ జోన్స్ 2012లో, ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చినవాళ్లకు క్లాసులెందుకని ట్విట్టర్‌లో రాస్తే దేశమంతా నవ్వింది. అతనే 2017లో పట్టా తీసుకున్నాడు. ఆ రెండో కబురు ఎంతమందికి చేరిందో మరి.

డబ్బు విషయం క్లుప్తంగా. కొలరాడోలో 1955లో రే డెనిసన్ అనే ఆటగాడు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య కార్మికులకిచ్చే పరిహారం అడిగితే, కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో కాదంది. అప్పటి నుంచీ వాళ్లు విద్యార్థులే కదా అన్నదే ప్రతి కోర్టులోనూ విశ్వవిద్యాలయాల మొదటి వాదన. క్రీడాకారులు వేసిన దావాలో ఎన్‌సీఏఏతో కుదిరి, 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో ఆ గోడ సగం కూలింది. ఒక్కో విశ్వవిద్యాలయం మొదటి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. జీతం లాంటిది వచ్చింది, ఉద్యోగి హోదా ఇంకా రాలేదు. డబ్బు రావడం న్యాయమే, నేను సంతోషించాను. అయితే దానివల్ల చదువు అడగడం మానేస్తారేమోనన్న దిగులు ఉంది. కోచ్‌కు కోట్లిచ్చే చోట వంతెన కూలీ కొడుక్కి ల్యాబు వేళ మార్చడం అసాధ్యం కాదు.

కాబట్టి నా రేటింగు. భవనానికి, సిబ్బందికి, ట్యూటర్ల నిజాయితీకి ఐదుకు ఐదు. పిల్లల సమయాన్ని కాపాడటంలో ఒకటి. కోరుకున్న చదువు ఇప్పించడంలో ఒకటిన్నర. మొత్తానికి మూడు ఇస్తున్నాను, అందులో సింహభాగం అక్కడ రాత్రిదాకా కూర్చునే అడ్వైజర్లకు చెందుతుంది. ఇక వాళ్లు నిజంగా విద్యార్థులేనా అన్నదానికి నేను నిస్సంకోచంగా అవుననే చెబుతాను. విద్యార్థిగా ఉండే వీలును వాళ్ల నుంచి లాక్కుని, ఆ తప్పు వాళ్ల మీదే వేస్తున్నారు. ఆడే అర్హత అయిపోయాక కూడా పట్టా వచ్చేదాకా స్కాలర్‌షిప్ కొనసాగాలి, అడిగినవాడికి ఆట లేని ఒక సెమిస్టర్ ఇవ్వాలి. ఈ రెండూ చేస్తే నా మార్కులు మార్చుకుంటాను.

ఉద్యోగం కోసం చూసేవాళ్లకు: జులైలోనే దరఖాస్తు పెట్టండి, ఆగస్టు దాటితే ఖాళీలు ఉండవు. స్టాటిస్టిక్స్, అకౌంటింగ్, కాలేజీ ఆల్జీబ్రా చెప్పగలిగితే తప్పకుండా పిలుస్తారు. నాకు గంటకు 15 డాలర్లు ఇచ్చేవారు, క్యాంపస్‌లో వంటశాల పనికన్నా మెరుగు. రాత్రి వేళలు ఒప్పుకోండి, ఆటగాళ్లు వచ్చేది అప్పుడే. నియమాల శిక్షణను శ్రద్ధగా వినండి. చేరిన మొదటి వారంలో ప్రతి పిల్లవాడినీ అసలు ఏం చదవాలని ఇక్కడికి వచ్చావని అడిగి, అతను చెప్పింది రాసి అడ్వైజర్‌కు ఇవ్వండి. మేజర్ మార్చే కాగితం మీద సంతకం పడకముందే ఇవ్వండి.